పెరుగు డబ్బాల్లో తడి

ఆ పొద్దున బేస్‌మెంట్‌లోకి దిగి మొదటి డబ్బా చేతిలోకి తీసుకోగానే నాకు అనుమానం వచ్చింది. డబ్బా బరువుగా ఉంది. ఉండకూడదు. ముందురోజు నేను దానికి నీళ్లు పోయలేదు. మట్టిలో వేలు గుచ్చి చూశాను. పైనా తడే, లోపలా తడే. పక్క డబ్బా తీశాను. అదీ అంతే. నాలుగూ అంతే.

తల ఎత్తి పైకి చూశాను. ఆ చిన్న గదిలో ఇల్లు వెచ్చబరిచే ఫర్నేసు, వేడినీళ్ల ట్యాంకు ఉంటాయి. పైపులు మొక్కల మీదుగానే పోతాయి. కుర్చీ వేసుకుని ఎక్కి పైపులన్నీ చేత్తో తడిమాను. పొడిగా ఉన్నాయి. డబ్బాల కింది సాసర్లలో మాత్రం నీళ్లు నిలిచి ఉన్నాయి. నేను పోస్తే సాసర్లలో నీళ్లు నిలవనివ్వను, కాసేపాగి పారబోస్తాను. అంటే ఇది ఇంకెవరి పనో.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, నా భార్య, ఆమె అక్క. మిషిగన్‌లోని మా నోవైలో మార్చి అంటే ఇంకా చలికాలమే. పెరట్లో మంచు గట్టిపడి ఉంది. బయటి మనిషి లోపలికి వచ్చే దారి లేదు.

ఆ నాలుగు డబ్బాల్లో ఉన్నవి గంజాయి మొలకలు. కాలేజీ రోజుల నుంచి రోజూ డైరీ రాసే అలవాటున్న వాణ్ణి, ఆ వారాల్లో మాత్రం వాటి పేరు డైరీలో కూడా రాయలేదు. ‘ఆ నాలుగు’ అని రాసుకున్నాను. మిషిగన్‌లో పెద్దవాళ్లు ఇంట్లో కొన్ని మొక్కలు పెంచుకుంటే నేరం కాదు. ఎవరో చెప్పారని కాదు, చట్టం తెరిచి నేనే చదివి, ఆ తర్వాతే విత్తనాలు కొన్నాను. కారు విడిభాగాలను పరీక్షించే ల్యాబులో రిటైరయ్యేదాకా పనిచేశాను. తలుపు బందు ఎన్నిసార్లు తెరిచి మూస్తే విరుగుతుందో చూడటం నా పని. ఎవరి మాటా నమ్మకుండా ఉండటానికే నాకు జీతం ఇచ్చారు.

నా భార్యకు క్యాన్సర్ తగ్గింది గాని, కీమోథెరపీ వల్ల పాదాల్లో మంటలు మిగిలిపోయాయి. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేదు. బిళ్లలు వేసుకుంటే మత్తుగా పడి ఉండేది, మంట మాత్రం అలాగే ఉండేది. గంజాయి నూనె చుక్కలు వాడి చూస్తామంటే డాక్టరు అభ్యంతరం లేదన్నది. వాడితే నిద్ర పట్టింది. కానీ షాపులో కొన్న ఒక సీసా చేదుగా ఉండేది, అదే పేరుతో కొన్న ఇంకో సీసాకి కోసిన గడ్డి వాసన. కౌంటర్ దగ్గర నిలబడే కుర్రాడు ఏమడిగినా “ఇట్స్ ఆల్ గుడ్, సర్” అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ సీసా మీద నమ్మకం ఇంకొంచెం తగ్గేది. అందులో ఏముందో తెలియాలంటే విత్తనం దగ్గర నుంచి మన చేతి మీదుగా రావాలి అనుకున్నాను.

పెద్ద పెరుగు డబ్బాలు మన ఇళ్లలో ఎవరూ పారేయరు. నాలుగింటికి అడుగున చిల్లులు పెట్టి, తేలికపాటి మట్టి నింపి, ఒక్కొక్కదాంట్లో ఒక్కో మొలక నాటాను. చిన్న మొలకకు నీళ్లు పోయడంలో నేర్చుకోవాల్సింది పోయకుండా ఉండటమే. ఆకు కొంచెం వాలగానే చేయి చెంబు మీదికి పోతుంది. ఆగాలి. డబ్బా ఎత్తి చూస్తే ఖాళీ డబ్బాలా తేలిగ్గా అనిపించాలి. అప్పుడు, కుళాయి నీళ్లు ముందురోజే బకెట్‌లో పట్టి ఉంచినవి, కాడకు తగలకుండా చుట్టూ గుండ్రంగా పోయాలి. మళ్లీ ఆరేదాకా ముట్టుకోకూడదు. వేరు నీటిని వెతుక్కుంటూ కిందికి పోవాలంటే పైన దానికి కాస్త కరువు ఉండాలి. ఎప్పుడూ తడిగా ఉంటే వేరుకు గాలి ఆడదు. మొదట్లో కాడ కుళ్లుతుంది.

అందుకే ఆ తడి నన్ను అంత కలవరపెట్టింది. ఇంకో కారణం కూడా ఉంది, దాని ముందు ఇదేమంత పెద్దది కాదు.

మా వదిన, అంటే నా భార్య అక్క, మా దగ్గరే గ్రీన్ కార్డు మీద ఉంటోంది. ఆవిడ పౌరసత్వం ఇంటర్వ్యూ ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో ఉంది. పాస్‌పోర్టు చేతికి వస్తే వైజాగ్ వెళ్లి కూతురి దగ్గర ఏడాది పాటు ఉండి రావాలని ఆవిడ ఆశ. గ్రీన్ కార్డుతో అన్నాళ్లు వెళ్లి ఉంటే తిరిగి రానిస్తారో లేదోనని భయం. ఆ భయంతోనే కూతుర్ని చూడటానికి వెళ్లినప్పుడల్లా కాళ్లు నిలవకుండా తిరిగి వచ్చేసేది.

వేరే రాష్ట్రంలో, షాంటిలీలో ఉండే మా అమ్మాయికి నా మొక్కల సంగతి చెప్పగానే ఫోన్‌లో దాదాపు అరిచింది.

“నాన్నా, ఆర్ యూ సీరియస్? పెద్దమ్మ ఇంటర్వ్యూ ఉంది కదా! స్టేట్‌లో ఓకే, కానీ సిటిజన్‌షిప్ ఫెడరల్. వాళ్లకి అది ఇంకా ఇల్లీగలే. పెద్దమ్మ లాయర్ ఏం చెప్పింది తెలుసా? టచ్ కూడా చేయకూడదు.”

“ముట్టుకోదమ్మా. ఆవిడకి తెలియదు.”

“సేమ్ హౌస్‌లో ఉంటే ఎలా తెలియదు?”

“తెలిస్తేనే కదా చిక్కు. ఆఫీసర్ ఎదురుగా కూర్చుని మీ పెద్దమ్మ ఒక్క అబద్ధం ఆడగలదా?”

ఆవిడ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఓసారి డెట్రాయిట్ విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి ఆవిడ పెట్టెలు చూసి, సరే వెళ్లమన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, “సర్, వన్ థింగ్. కరివేపాకు ఆల్సో” అని చెప్పింది. పెట్టె మళ్లీ తెరిపించి, కరివేపాకు తీసుకుని పారేశాడు. ఇంటికి వచ్చేదాకా కారులో నా భార్య అక్కతో మాట్లాడలేదు.

అలాంటి మనిషికి ఫర్నేసు గది తలుపు కింద వెలుగు కనిపించి “ఏమిటే ఆ గదిలో?” అని అడిగితే, నా భార్య కంగారులో “గోంగూర అక్కా” అనేసింది. చీలికల ఆకు కదా, పోలిక కుదురుతుంది అనుకుంది. ఆ ఒక్క మాటతో మా కొంప మునిగింది. టమాటా అని ఉంటే వదిన ఆ వైపు చూసేది కాదు. చలి పోకముందే ఇక్కడి తెలుగు ఇళ్ల బేస్‌మెంట్లలో లైట్ల కింద నారు పోస్తారు, మంచు పూర్తిగా వదిలాక ఒకరికొకరు పంచుకుంటారు. మా ఇంట్లో మిరప, వంగ నాది. గోంగూర మాత్రం వదిన శాఖ. దాన్ని నాకు అప్పగించి ఊరుకునే మనిషి కాదు.

కాబట్టి నీళ్లు పోసింది ఆవిడే అయి ఉండాలి. నా భార్య ఆ కాళ్లతో మెట్లు దిగలేదు. కానీ నా అనుమానం అక్కడితో ఆగలేదు. గోంగూర అనే నమ్మి పోస్తే ఆ ముక్క నాతో అనకుండా ఎందుకుంది? నేను కూరలో ఉప్పు వేసినా దాని గురించి నాలుగు మాటలు అనే మనిషి. మొక్కల విషయంలో మాత్రం నోరు మెదపడం లేదు. పోనీ, అవేమిటో తెలిసిపోయిందా? తెలిసి నన్ను కనిపెడుతోందా? అడుగుదామంటే అడగలేను. అడిగితే చెప్పాలి. చెబితే ఆవిడకు తెలుస్తుంది. తెలిస్తే డెట్రాయిట్‌లో ఆఫీసర్‌కు కూడా తెలుస్తుంది.

ఎవరైనా కదిపితే తెలిసేలా నీళ్ల చెంబు మూతి మీద ఒక దారప్పోగు వేసి పైకి వచ్చాను. మర్నాడు దారం అక్కడే ఉంది, డబ్బాలు మాత్రం తడిగా ఉన్నాయి. వంగి వాసన చూశాను. పులిసిన వాసన. మట్టి మీద సన్నగా తెల్లటి పొర. ఇక సందేహం లేదు. అవి వట్టి నీళ్లు కావు, పల్చటి పుల్ల మజ్జిగ. ముందు గదిలో కిటికీ దగ్గర చలికాలానికని లోపలికి తెచ్చుకున్న కరివేపాకు కుండీకి వదిన పోసే మజ్జిగే అది. కరివేపాకు పెద్ద చెట్టు, తట్టుకుంటుంది. నాలుగాకుల మొలక ఎలా తట్టుకుంటుంది?

ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే నేను ఇంటర్వ్యూ ప్రశ్నలు చదివాను.

“వాటీజ్ ద రూల్ ఆఫ్ లా?”

“ఎవ్రీవన్ మస్ట్ ఫాలో ద లా” అంది తడుముకోకుండా. తర్వాత కళ్లద్దాల పైనుంచి నా వంక చూసింది. “ఎవ్రీవన్ అంటే అందరూనా మరిదిగారూ? ఇంట్లోవాళ్లు కూడానా?”

“అందరూ అంటే అందరే వదినా.”

“ఊరికే అడిగాను లెండి. మరి ఈ ఏడు వేసిన మీ గోంగూర పైకి రావడం కూడా లేదేం? మామూలుగా అయితే మీ నారు కిటికీలో పెట్టి ఎండ చూపిస్తారుగా.”

“చలి వదినా. ఇంకొన్నాళ్లు పోనీండి.”

“సర్లెండి. మీ లెక్కలు మీవి” అని మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. నా భార్య నా వైపు చూసింది, నేను ప్రశ్నల కాగితం వైపు చూశాను. ఆ ఇంట్లో ముగ్గురమూ ఒకరి చేతుల్లోకి ఒకరు చూసుకుంటూ అన్నం తింటున్నట్టు అనిపించింది.

మర్నాడు ఫర్నేసు గదికి తాళం వేశాను. అయినా ఆ తర్వాతి పొద్దున డబ్బాలు తడిగానే ఉన్నాయి. ఒక మొలక పక్కకు వాలిపోయి ఉంది. కాడ మొదట్లో సన్నబడి, గోధుమ రంగుకు తిరిగింది. వేలితో నిలబెట్టి చూశాను. నిలబడలేదు. మట్టి చుట్టూ చిన్న నల్లటి ఈగలు ముసురుతున్నాయి. దాన్ని పీకి కాగితంలో చుట్టాను. పాదాల మంటతో దిండుకు ఆనుకుని కూర్చునే నా భార్య గుర్తొచ్చింది. కోపం కూడా వచ్చింది. కోపం వస్తే నేను ఆలోచన మానేస్తాను గనక, మరుసటి పొద్దున నా మామూలు వేళ కంటే ముందే కిందికి దిగాను.

తలుపు తెరిచే ఉంది. వదిన బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది. చేతిలో స్టీలు గ్లాసు. ఒళ్లో మా ఇంటి ఇన్సూరెన్స్ కాగితాలు, పాత బిల్లుల ఫైళ్లు పరిచి ఉన్నాయి. నేను ఫర్నేసు పక్క అలమారాలో పెట్టుకునేవి.

“తాళం ఎలా తీశారు వదినా?”

“ప్రతి తాళంచెవికీ చీటీ కట్టి పేరు రాసి మేకుకి తగిలిస్తారుగా మరిదిగారూ. చదువు రాని దొంగకి తప్ప అందరికీ దొరుకుతుంది.”

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఒళ్లోని కాగితాలు ఒక పక్కకు తీసింది.

“నిజం చెప్పండి. మా చెల్లికి మళ్లీ తిరగబెట్టిందా?”

జవాబుకు ఆగకుండా చెప్పుకుపోయింది.

“నేను గదిలోకి రాగానే మీరిద్దరూ మాట మారుస్తారు. ఏదో చిన్న సీసా నన్ను చూడగానే దిండు కిందికి పోతుంది. అమ్మాయి ఫోన్ చేస్తే మీరు గరాజ్‌లోకి వెళ్లి మాట్లాడతారు. ఇప్పుడీ గదికి తాళం. నా ఇంటర్వ్యూ అయ్యేదాకా నాకు చెప్పకూడదనుకున్నారు. అవునా కాదా?”

“మరి ఈ మజ్జిగ?”

“కాగితాలేమైనా దొరుకుతాయేమోనని వచ్చాను. మొక్కలు చూస్తే నోరెండి ఉన్నాయి. వచ్చినదాన్ని చూస్తూ చూస్తూ ఎలా పోతాను? దొరక్కపోతే మళ్లీ వచ్చాను. వచ్చినప్పుడల్లా పోశాను.”

ఇన్ని రోజులూ నేను ఆవిణ్ణి కాపలా కాస్తున్నాననుకున్నాను. ఆవిడ నన్ను కాస్తోంది. చెల్లి జబ్బు సంగతి దాస్తున్నామని లోలోపల కుమిలిపోతూ, పైకి ప్రశ్నలకు జవాబులు వల్లిస్తోంది.

‘అలాంటిదేమీ లేదు’ అని ఊరుకుంటే నమ్మదు. నేనైనా నమ్మను. నమ్మాలంటే ఆ సీసా ఏమిటో, తాళం ఎందుకో చెప్పాలి. అది చెప్పాక డెట్రాయిట్‌లో ఏమవుతుందో నాకు తెలుసు. వైజాగ్‌లో ఏడాది పోవచ్చు. చెప్పకపోతే ఆవిడ ఇంటర్వ్యూ దాకా చెల్లికి రోజూ మనసులో పాడె కడుతూ ఉంటుంది.

“తిరగబెట్టలేదు వదినా. ఇది గోంగూర కాదు. గంజాయి. మీ చెల్లి పాదాల మంటకి. ఆ సీసాలో ఉన్నదీ అదే.”

ఆవిడ గ్లాసు వంక చూసింది. మెల్లగా కింద పెట్టింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

“గంజాయా?”

“అవును.”

“మా చెల్లికి ఏం లేదుగా?”

“మొన్నటి స్కాన్ రిపోర్టు పైన ఉంది. చూపిస్తాను.”

“తెండి. చూస్తాను.”

తెచ్చి ఇచ్చాను. ఇంటర్వ్యూ కోసం నేర్చుకున్న ఇంగ్లీషుతో, ప్రతి లైను కిందా వేలు పెట్టి చదివింది. ‘నో ఎవిడెన్స్’ దగ్గర ఆగి అర్థం అడిగింది. చెప్పాను. మళ్లీ చదివింది. తేదీ కూడా చూసింది. అప్పుడు గాని కళ్ల నీళ్లు రాలేదు.

“మీ తెలివి తెల్లారినట్టే ఉంది మరిదిగారూ! ఈ మాట ముందే చెబితే నా ప్రాణం ఇన్నాళ్లు ఇలా నలిగేదా?”

“మీకు చెబితే మీరు ఆఫీసర్‌కి చెప్తారని...”

“చెప్తాను మరి. అడిగితే చెప్పనా?” అంటూ డబ్బాల వైపు తిరిగింది. “నాకూ అనుమానమే. కాడలో ఎరుపు లేదు. ఒకాకు నమిలి పులుపు చూద్దామనుకున్నాను.”

“నమిలారా?”

“ఇంకా లేతగా ఉందని వదిలేశాను. ఏం, ముఖం అలా పెట్టారు?”

ఆవిడ పైకి వెళ్లి, మళ్లీ ఆ గదిలో కాలు పెట్టలేదు. నా భార్య మెట్ల పైనుంచే, “మూడూ తీసేయండి. నాకు షాపు సీసా చాలు” అంది. ఆ గొంతులో తేడా ఏమైనా ఉందేమోనని విన్నాను. లేదు. మిగిలిన మూడు మొలకలూ మట్టితో సహా సంచిలో వేసి కట్టాను. బాగా వేరు పట్టాయి. ఒకదాని వేళ్లు డబ్బా అడుగు చిల్లుల్లోంచి బయటికి వచ్చి ఉన్నాయి.

లాయర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాం. తెలియక చేసింది వేరు, తెలిసి చేసింది వేరు అంది. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పండి, అడక్కుండా కథలు చెప్పకండి, ఇంకేమైనా అడిగితే దాచకండి అంది. రెండో మాట వదిన చెవికి ఎక్కిందో లేదో నాకు అప్పుడే అనుమానం.

ఇంటర్వ్యూ రోజు నేను బయట హాల్లో కూర్చున్నాను. లోపలికి వెళ్లిన మిగతావాళ్లందరూ తిరిగి వస్తున్నారు, ఆవిడ రావడం లేదు. వచ్చాక ముఖంలో ఏమీ కనబడలేదు. కారు ఎక్కాకే చెప్పింది.

“అన్నీ అడిగాడు. డ్రగ్స్ అన్నాడు. నో అన్నాను. తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాడు. నాకు మనసొప్పలేదు.”

“వదినా...”

“‘సర్, వన్ థింగ్’ అన్నాను.”

నేను కారు పక్కకు తీసి ఆపాను.

“ఫోర్ ప్లాంట్స్ ఇన్ బేస్‌మెంట్. ఐ థాట్ గోంగూర. ఐ గేవ్ బటర్‌మిల్క్. వెన్ బ్రదర్-ఇన్-లా టోల్డ్, ఐ స్టాప్. ఇంతే చెప్పాను. గోంగూర అంటే ఏమిటన్నాడు. సోర్ లీఫ్, వి మేక్ చట్నీ అన్నాను. ఏదో రాసుకున్నాడు.”

ఆవిడ చేతిలోని కాగితం తీసుకుని చూశాను. ఇంగ్లీషు పరీక్ష నెగ్గింది, ప్రశ్నల పరీక్ష నెగ్గింది. కింద మాత్రం ‘నిర్ణయం ఇప్పుడే చెప్పలేము’ అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది.

ఆ తర్వాత పోస్టు బండి చప్పుడు వినబడితే చాలు, నేను చెప్పులేసుకునేవాణ్ణి. ఆలస్యమైన ప్రతి రోజూ ఎవరో బల్ల దగ్గర కూర్చుని మా ఇంటి గురించి ఏదో చదువుతున్నట్టే ఉండేది. వదిన మాత్రం తన నిజమైన గోంగూర నారు కిటికీలో పెట్టుకుని, మజ్జిగ పోసుకుంటూ నిశ్చింతగా ఉంది. చెప్పాల్సింది చెప్పేసిన మనిషి కదా. నా భార్య ఓ రోజు, “అక్కకి రాకపోతే నా కాళ్ల వల్లే కదూ” అంది. నేను లేచి పోస్టు పెట్టె చూసి వచ్చాను.

పెరట్లో మంచు పూర్తిగా కరిగి, గోంగూర నారు నేలలోకి మారాక, పౌరసత్వ ప్రమాణానికి రమ్మని వదినకు ఉత్తరం వచ్చింది. నేను దాన్ని వెలుతురుకు పట్టి మరీ చూశాను. వదిన లాక్కుని, “అసలుదే లెండి” అంది.

వైజాగ్ ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ ఆవిడ నన్ను పిలిచింది.

“నేను వెళ్లాక మళ్లీ వేసుకుంటారా ఆ మొక్కలు?”

“చూడాలి వదినా.”

“వేస్తే వేశారు. వాటికి మజ్జిగ పడదు, గుర్తుంచుకోండి. నా కరివేపాకుకి మాత్రం మానకండి.”

ఇప్పుడు ఫర్నేసు గదిలో మళ్లీ నాలుగు పెరుగు డబ్బాలు ఉన్నాయి. తలుపుకు తాళం లేదు. పొద్దున్నే దిగి ఒక్కొక్కటీ ఎత్తి బరువు చూస్తాను. బరువుగా ఉంటే అది నేను పోసిన నీరే. ఆ సంగతి తెలిసి కూడా సాసరు ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి వాసన చూసి గాని పైకి రాను.